గోదారి పురుగు

బియ్యపు పురుగుకి ఊరి పేరు తగిలించినవాణ్ణి నేను. లోకమంతా ముక్కపురుగు అని పిలుచుకునే ఆ నువ్వుగింజంత ప్రాణిని విశాఖ వన్ టౌన్‌లోని మా సందులో ఏళ్ళ తరబడి ‘గోదారి పురుగు’ అన్నారు. ఇప్పటికీ అక్కడ ఏ ఇల్లాలైనా చేటలో బియ్యం పోసుకుని ఆ మాట అంటే నేను ఆశ్చర్యపోను. ఆ పేరు ఎలా పుట్టిందో చాలాకాలం ఇద్దరికే తెలుసు, నాకూ మా ఆవిడకీ. మూడోమనిషికి తెలియవలసి ఉండగా, చెప్పకుండా పదేళ్ళు గడిపాను.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. నేను కోతలు కోసే మనిషిని. రేవులో టాలీ గుమాస్తాగా చేరిన కొత్తలోనే ఈ గుణం ముదిరింది. ఓడలోంచి దిగే బస్తాలను చూసుకుంటూ రాసుకోవడం నా పని. ఇంటికొచ్చి ఆ ఓడల మీద కబుర్లు చెప్పడం నా సరదా. ఒక ఓడలోంచి ఎలుకలు నావికుల టోపీలు పెట్టుకుని వరసగా తాడు మీద నడిచి దిగాయనీ, వాటిలో పెద్దది నాకు సలాం కొట్టిందనీ చెబితే మా వాటాల వాళ్ళు గిన్నెలు తోముకోవడం ఆపి వినేవారు. నమ్మేవారు కాదు, వినేవారు. ఆ రెండింటికీ ఉన్న తేడా అప్పట్లో నాకు పట్టలేదు.

మాది అయిదు వాటాల పాత డాబా ఇల్లు. మధ్యలో వాకిలి, వాకిట్లో అందరికీ కలిపి ఒకే కొళాయి. చివరి వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిణ్ణి అందరం అప్ప అనేవాళ్ళం. ఆవిడ దగ్గర బియ్యం కొలిచే ఇత్తడి తవ్వ ఒకటి ఉండేది. ఎవరింట్లో బియ్యం నిండుకున్నా ఆ తవ్వ తీసుకుని పక్కింటికి వెళ్ళడమే. తీసుకునేటప్పుడు తల కొట్టి చదునుగా తీసుకోవాలి, తిరిగిచ్చేటప్పుడు గోపురం పెట్టి ఇవ్వాలి. అది అప్ప పెట్టిన పద్ధతి. గోపురం లేకుండా తిరిగిచ్చిన ఇల్లాలి పేరు కొళాయి దగ్గర వారం రోజులు నలిగేది.

మా పక్క వాటాలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. ఆయన రేవు వర్క్‌షాపులో ఫిట్టరు, రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. మిగిలినవన్నీ ఆవిడే మాట్లాడేది. నన్ను ‘అన్నయ్యగారూ’ అనేది, మా ఆవిణ్ణి ‘వదినగారూ’ అనేది. నా కబుర్లకి అందరికంటే ముందు నవ్వేది కూడా ఆవిడే. ఆవిడకి తల్లీ తండ్రీ లేరు. ఊళ్ళో ఒక్క అన్నగారు. ఏడాదికోసారి ఆయన తన చేలో పండిన బియ్యం ఒక బస్తా లారీలో పంపేవాడు. బస్తా మీద నీలం రంగుతో ఆవిడ పేరు రాసి ఉండేది. ఆ అక్షరాలు అన్నయ్య చేతివని, బియ్యం అయిపోయాక కూడా ఆ గోనెని ఉతికి, మడిచి, పెట్టెలో దాచుకునేది. పుట్టిల్లంటే ఆవిడకి మిగిలింది ఆ బస్తానే.

ఇక నా బస్తా సంగతి.

ఆ రోజుల్లో రేవుకి గోధుమ ఓడలు వచ్చేవి. చిరిగిన సంచుల్లోంచి కారిన గింజలు షెడ్డు నేలంతా పరుచుకునేవి. సాయంత్రానికి వాటిని ఊడ్చి కుప్ప చేసేవారు. దాన్ని ‘ఊడుపు’ అనేవాళ్ళం. ఊడుపు ఎవరిదీ కాదని మాలో మేమే తీర్మానించుకున్నాం. గేటు దగ్గర పట్టుబడితే ఉద్యోగం ఊడుతుందని కూడా మాకు తెలుసు. అయినా కేరేజీ సంచి అడుగున కొంచెం కొంచెంగా తెచ్చి, ఒక చిన్న గోనెసంచి నింపాను. ఎందుకంటే చెప్పలేను. మా ఇంటా వంటా గోధుమ లేదు.

మా ఆవిడ సంచి మూతి విప్పి చూసింది. “ఏటివి?”

“గోదుమలు.”

“గోదుమల్తో నానేటి సేత్తాను?”

“రొట్టెలు సెయ్యి.”

“జొరమొచ్చినోళ్ళు తింటారు రొట్టి. మీకు జొరమొచ్చిందేటి?”

“అటకెక్కించీ. ఎప్పుడో పనికొత్తాయి.”

అలా అది వంటింటి అటకెక్కింది. సరిగ్గా దాని కింద మా బియ్యం డ్రమ్ము. ఆ డ్రమ్ముకి మూత సరిగా పట్టేది కాదు. ఎండలు వెళ్ళాయి, వానలు మొదలయ్యాయి, ఇద్దరం ఆ సంచి మాటే మరిచిపోయాం. ఆషాఢం ముదిరాక ఒక పొద్దున డ్రమ్ము మూత మీద సన్నటి పిండిలాంటి పొడి కనబడింది. వేలితో తీసి చూశాను. గోడ సున్నం రాలిందనుకుందామని నన్ను నేను బతిమాలుకున్నాను. సున్నం అంత మెత్తగా ఉండదు.

ఆ వారంలోనే అప్ప అట్లకని బియ్యం నానబోసింది.

“ఓలమ్మ, ఇదేటి, నీల్లల్లో నల్లపూస తేలతాంది,” అని గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వంగి చూసి, “పూస కాదు, నడుత్తాంది,” అంది.

మిగతా ఆడవాళ్ళు తమ తమ చేటలు తెచ్చారు. అందరి బియ్యంలోనూ ఉన్నాయి. కొన్ని గింజలకి సూదితో పొడిచినట్టు బెజ్జాలు. మా ఆవిడ చేటలో మరీ ఎక్కువ ఉన్నాయి; ఆమె గబగబా చెరిగి పారబోసింది.

“బియ్యం సేతులు మారితే పురుగూ మారతాది,” అంది అప్ప. “మొదట ఎవులింట పుట్టిందో తేలాల. లేపోతే నానే ఒక్కో ఇంటికొచ్చి డబ్బాలన్నీ ఒంపి సూత్తాను. అటకలూ సూత్తాను.”

అటక అనేసరికి నాకు మా గోధుమ సంచి గుర్తొచ్చింది. అప్ప చూస్తే సంచి బయటపడుతుంది. సంచి బయటపడితే ఎక్కడిదంటారు. అయిదు వాటాల్లో నాలుగు వాటాల మగాళ్ళు రేవులోనే పని చేసేవారు.

అప్పుడు నేను చేసిన పని ఇది. అప్ప గిన్నెలోంచి ఒక పురుగుని గోటిమీదికి ఎక్కించుకున్నాను. వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. గొంతు సవరించుకున్నాను.

“ఇది మన పురుగు కాదప్పా.”

“పురుగులో మనదేటి, పరాయిదేటి?”

“మన పురుగు ఎండు మనిసిలా ఉంటాది. మనిసి అలికిడైతే పరిగెడతాది. దీన్ని సూడు. బొజ్జ సూడు. పప్పూ నెయ్యీ తిని, తాంబూలం ఏసుకుని, ఈదిలో పెత్తనానికి బయల్దేరిన కామందులా నడుత్తాంది. ఇది కాలవ నీల్లు తాగిన పురుగు. గోదారి పురుగు.”

వాకిలంతా నవ్వింది. పక్కింటావిడ కూడా నవ్వింది.

“అయితే మా ఊరి పురుగు ఆయ్ అంటుందాండీ, అన్నయ్యగారూ?”

“అంటాది. సెవి దగ్గర పెట్టుకుని ఇను.”

అక్కడితో ఆగితే అది నా వంద కబుర్లలో ఒకటిగా పోయేది. కానీ అప్ప నవ్వలేదు. వేళ్ళు మడుస్తూ ఆలోచించింది.

“ఈయమ్మకి అన్న బస్తా వచ్చి ఎనిమిది దినాలైంది. ఇంటింటికీ తవ్వెడు పంచింది. పురుగూ ఇప్పుడే అగుపించింది.”

“మా అన్నయ్య బియ్యంలో పురుగుండదండి, అప్పగారూ,” అంది ఆవిడ, ఇంకా నవ్వుతూనే. “వేపాకు వేసి మరీ కట్టిస్తాడండి. ఉండండి, చూపిస్తాను.”

లోపలికి వెళ్ళి తన బస్తాలోంచి చేటెడు బియ్యం తెచ్చి అరుగు మీద పెట్టింది. ముత్యాల్లా ఉన్నాయి. వాటి మీద రెండు పురుగులు నింపాదిగా నడుస్తున్నాయి.

అవి ఎక్కడివో నాకు తెలుసు. నాలుగు రోజుల క్రితం మా ఆవిడ ఆ ఇంటికి తవ్వెడు బియ్యం తిరిగిచ్చింది, అప్ప పద్ధతి ప్రకారం గోపురం పెట్టి. ఆ గోపురంతో పాటే వెళ్ళాయి. పక్కింటావిడ చాలాసేపు చేటలోకి చూస్తూ నిలబడింది. తరవాత చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను గోటి మీది పురుగుని నేలకి విదిల్చాను.

నా కోతల్లో జనం నిజంగా నమ్మింది అదొక్కటే.

ఆ వారం నుంచి తవ్వ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆవిడ పంచిన బియ్యాన్ని రెండు వాటాల వాళ్ళు తిరిగి తెచ్చి గుమ్మంలో పెట్టి, “మాకున్నాయమ్మా, నీకే పనికొత్తాయి,” అన్నారు. ఒకసారి ఆవిడే తవ్వ కోసం వెళితే అప్ప దాన్ని అరుగు మీద బోర్లించి, “ఇప్పుడే కడిగాను, తడారనీ,” అందట. గొడవ లేదు, తిట్టు లేదు. పలకరింపులు కూడా మానలేదు. బియ్యం మాత్రం మానేశారు.

నాకు మధ్యాహ్నం నుంచి సెలవు దొరికిన రోజు అటకెక్కి సంచి దింపాను. మూతి విప్పితే గోధుమలు లేవు. పొట్టు, పొడి, వాటి మధ్య కదులుతున్న నలుపు. వెచ్చగా, ముక్కిన వాసన. వెనక మా ఆవిడ నిలబడి ఉంది.

“ఇదేనేటి?”

“ఇదే.”

“మరి ఆయమ్మకి సెప్పండి.”

“సెప్తే ఎక్కణ్ణించి తెచ్చావంటారు. ఉద్దోగం పోతాది.”

“ఊడుపు తేని మొగోడు ఈ ఇంట ఎవుడు? ఉద్దోగం పోదు. అందరి ముందరా మీ నోరు పోతాది. అదీ మీ బయ్యం.”

సంచి చంకన పెట్టుకుని చేపల రేవు వైపు నడిచాను. రాళ్ళ మీదికెక్కి సముద్రంలోకి ఒంపేశాను. చేపలు వచ్చి వాసన చూసి మొహం తిప్పుకున్నాయని రాయడానికి చెయ్యి దురదపెడుతోంది. నేను చేపల్ని చూడలేదు. వెనక్కి తిరక్కుండా వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ డాబా మెట్ల మీద చేటతో కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకలేదు.

“అన్నయ్యగారూ, రోజూ నీడలో ఆరబోసి చెరుగుతున్నానండి. మళ్ళీ కనబడుతున్నాయి. ఇది దేనికి చస్తుందండీ?”

నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది ఇది:

“నీడకి సావదమ్మా. అది కాలవ గట్టున చల్లగా పెరిగింది కదా. దానికి మా విశాఖ ఎండ పడదు. మూడు ఎండలు గట్టిగా తగిలితే మూటా ముల్లె సర్దుకుని పోతాది.”

“ఎండలో పోస్తే బియ్యం విరిగి నూకలైపోతాయి కదండీ?”

“ఒక్కరవ్వ నూకైతే ఏటి, పురుగు పోతాది కదా.”

వ్యవసాయం ఇంట్లో పుట్టిన మనిషి. బియ్యాన్ని ఎండలో పొయ్యకూడదని నాకంటే బాగా తెలుసు. అయినా నా మాట విని బస్తా మొత్తం డాబా మీదికి మోయించింది, దుప్పట్లు పరిచి పోసింది. రెండు రోజులు ఎండ కాసింది. మూడో రోజు మధ్యాహ్నం కొళాయి వచ్చే వేళకి ఆవిడ బిందెలు పట్టుకుని కిందికి దిగింది. సముద్రం మీంచి వచ్చే వాన చెప్పి రాదు. ఆవిడ మెట్లెక్కేలోపల దుప్పట్లు చెరువులయ్యాయి. నేనూ పరిగెత్తాను. ఇద్దరం దోసిళ్ళతో తట్టల్లోకి ఎత్తాం. ఆ తడిబియ్యం చేతికి వెచ్చగా తగలడం ఇప్పటికీ గుర్తు.

వంటింట్లో, పడగ్గదిలో, మంచం కింద, ఎక్కడ చోటుంటే అక్కడ పరిచింది. ముసురు పట్టుకుని నాలుగు రోజులు వదల్లేదు. రెండో రోజుకి పులిసిన వాసన మా వాటాలోకి వచ్చింది. నాలుగో రోజుకి బియ్యం జిగటగా ముద్దలు కట్టాయి. ఆ తరవాత ముద్దల మీద ఆకుపచ్చగా బూజు లేచింది. పురుగునైతే ఏరొచ్చు. దీన్ని ఏరడానికి లేదు. వాళ్ళాయన రిక్షా పిలిచి, ఎవరో పశువులవాళ్ళకి ఇచ్చిరావడానికి వెళితే, వాళ్ళు కూడా వాసన చూసి, గేదెలకి పనికిరాదు, పెంటలో పొయ్యమన్నారట. ఆ ఏడాదంతా వాళ్ళు రేషన్ బియ్యం తిన్నారు.

నేను పనికి వెళుతుంటే ఒక పొద్దున ఆవిడ ఇన్‌లాండు కవరు చేతికిచ్చింది.

“పోస్టులో వేస్తారా, అన్నయ్యగారూ? మా అన్నయ్యకి రాశానండి, ఇకమీదట బియ్యం పంపొద్దని. పురుగు పట్టిందని ఉన్నమాట రాసేశాను. అందరికీ నావల్ల ఇబ్బంది కదండి.”

దారిలో నాలుగు పోస్టు డబ్బాలు ఉన్నాయి. మూడింటిని దాటాను. నాలుగోది రేవు గేటు పక్కన. అందులో వేశాను. వెయ్యకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. చిరునామా అన్నిసార్లు చదివానేమో, అది నోటికి వచ్చేసింది.

అన్నగారికి కోపం వచ్చింది. తన చేలో గింజకి చెల్లెలు వంక పెట్టిందని బాధపడ్డాడని తరవాత తెలిసింది. మరుసటి ఏడు బస్తా రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. లారీల రోజుల్లో ఆవిడ వీధి గుమ్మంలో నిలబడేది, ఎవరైనా చూస్తే కూరగాయల బండి కోసం అనేది. నా కబుర్లు మాత్రం మానకుండా వినేది. నవ్వేది కూడా.

ఎనభైల్లో ఆవిడ భర్తకి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. వాళ్ళు టౌన్‌షిప్ క్వార్టర్స్‌కి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు సామాను ఎక్కిస్తుంటే ఒక పెట్టెలోంచి నీలం అక్షరాల గోనె కొస బయటికి వేలాడింది. ఆవిడ దాన్ని లోపలికి తోసి మూత నొక్కింది.

ఆ తరవాత రెండేళ్ళకి, మా ఆవిడ పోరు పడలేక, ఒక ఆదివారం సిటీ బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ సంబరపడింది. కాఫీ ఇచ్చింది. వంటింట్లో బియ్యం స్టీలు డబ్బా మూత చుట్టూ గుడ్డ చుట్టి, తాడుతో బిగించి ఉంది. అది చూశాక చెప్పకుండా ఉండలేకపోయాను. అంతా చెప్పాను. ఆవిడ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

“మీరేం మారలేదండి, అన్నయ్యగారూ. నేను మనసు కష్టపెట్టుకుంటానని, మా అన్నయ్య బియ్యాన్ని వెనకేసుకొచ్చి ఇంత కథ అల్లారు. ఎంత మంచివారండి మీరు.”

“కథ కాదమ్మా. ఒట్టు.”

“టోపీ పెట్టుకున్న ఎలకకి కూడా ఒట్టేశారు కదండీ,” అంది.

తిరిగొచ్చి మా ఆవిడకి చెప్పాను.

“సెప్పారా?”

“సెప్పాను. నమ్మనేదు.”

“ఎలా సెప్పారు? నాకు సెప్పండి అలాగే.”

చెప్పాను. ఓడ ఏ సముద్రాలు దాటి వచ్చిందో, కెప్టెను తన గడ్డంలోంచి ముక్కపురుగులు ఎలా దులుపుకున్నాడో, షెడ్డులో ఊడుపు కొండలా ఎంత ఎత్తు లేచిందో చెబుతుంటే మా ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“ఓడెందుకు మద్దిన? కెప్టెను గెడ్డమెందుకు?”

క్షమించమని అడగడానికి వెళ్ళి కూడా, విన్నవాళ్ళు నవ్వితే బాగుండునని చూసుకున్న నాలిక నాది.

“ఆయమ్మ అన్నకి ఉత్తరం రాయండి. ఆయనకి మీ సంగతి తెల్దు,” అంది. రాయడానికి కూర్చున్నాను. మూడు కాగితాలు చించాను. ప్రతి కాగితంలోనూ రెండో వాక్యానికే ఓడ వచ్చి లంగరు వేసేది. చివరికి మా ఆవిడ కలం లాక్కుంది. ఆమె అయిదో తరగతితో చదువు ఆపింది. గుండ్రటి పెద్ద అక్షరాలతో కార్డు మీద రాసింది: ‘మీ చెల్లెలుకి మీరు పంపిన బియ్యం మంచివి. పురుగు మా ఇంటిలోది. ఆవిడది తప్పు లేదు. మాది తప్పు.’ చిరునామా మాత్రం నన్ను అడిగింది. తడుముకోకుండా చెప్పాను.

కొత్త బియ్యం వచ్చే రోజుల్లో ఆవిడ భర్త ఒకసారి మా ఇంటికి వచ్చాడు. చేతిలో మూత బిగించిన రేకు డబ్బా.

“మా బావగారు వచ్చారండి,” అన్నాడు. “బస్తా తెచ్చారు.”

నేను కుర్చీలోంచి లేచాను.

“ఇది వదినగారికి ఇమ్మందండి.”

“నాతో ఏవైనా సెప్పమందా?”

ఆయన కాస్త ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. “లేదండి,” అన్నాడు.

ఆ తరవాత మేం పెళ్ళిళ్ళలో రెండుసార్లు ఎదురుపడ్డాం. ఆవిడ మర్యాదగా, “బాగున్నారాండీ,” అంది. అన్నయ్యగారూ అనలేదు. అనకపోవడం న్యాయమే. ఆ పిలుపు ఆవిడ ఎవరికిచ్చిందో, ఆ మనిషి ఆవిడ అన్నకి రాసిన ఉత్తరానికి అడ్డుపడవలసినవాడు. పోస్టులో వేశాడు.

ఆ రోజు ఆయన వెళ్ళాక మా ఆవిడ డబ్బా మూత తీసింది. లోపల సన్నటి తెల్లటి బియ్యం, మధ్యలో రెండు వేపాకు రెబ్బలు. కొలిచి చూస్తే ఒక తవ్వ, పైన గోపురం. నేను చేట తీసుకుని వెలుతురులో కూర్చున్నాను. ఒక్కొక్క గింజా పక్కకి జరుపుతూ వెతికాను. ఒక్క పురుగైనా కనబడితే నా ప్రాణం కాస్త తేలికపడేది.

ఒక్కటీ లేదు. ఆ పూట వాటినే వండుకుని తిన్నాం.